పెంపుడు సరీసృపాలతో బహిరంగ సంచారం

పెంపుడు సరీసృపాలతో బహిరంగ సంచారం అనగా ఇండ్లలో పెంచుకొనే తొండలు, బల్లులు, పాములు, తాబేళ్ళు మొదలైన సరీసృపాలను వాటి యజమానులు వీధులు, ఉద్యానవనాలు, దుకాణాలు, బస్సులు, పాఠశాలలు వంటి నలుగురు మసలే చోట్లకు తీసుకొనివెళ్ళడం. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, జర్మనీ వంటి దేశాలలో సరీసృపాల పెంపకం ఎక్కువగా ఉన్నందున ఈ అలవాటు అక్కడ తరచుగా కనిపిస్తుంది. ఈ విషయంలో మూడు పక్షాల క్షేమాన్ని గమనించవలసి ఉంటుంది. మొదటిది ఆ జంతువు, రెండవది చుట్టుపక్కల ఉన్న మనుషులు, మూడవది ఆ ప్రాంతపు సహజ ప్రకృతి. కుక్కకు షికారు ఒక శారీరక అవసరం. సరీసృపానికి మాత్రం అట్టి అవసరం చాలా అరుదు. అది బయటకు వెళ్ళడం వలన కలిగే సంతోషం ఎక్కువగా యజమానిదే, కష్టం మాత్రం జంతువుది. ఈ విషయంపై వివిధ దేశాలు చేసిన చట్టాలకు, పశువైద్యులు చెప్పే జాగ్రత్తలకు ఈ తేడాయే ఆధారం.

చరిత్ర

సరీసృపాలను వెంటబెట్టుకొని నలుగురిలో తిరగడం కొత్త విషయం కాదు. 1840 ప్రాంతంలో పారిస్ నగరంలోని కప్పు వేసిన అంగడి వీధులలో తాబేళ్ళను వెంట నడిపించుకొంటూ తిరగడం కొంతకాలం నాగరికతా చిహ్నంగా ఉండేదని జర్మన్ రచయిత వాల్టర్ బెంజమిన్ రాశాడు. తాబేలు నడిచినంత నెమ్మదిగా నడవగలగడం తీరికకు, హోదాకు గుర్తుగా భావించేవారట.

అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ (పదవీకాలం 1901-1909) కుమార్తె ఆలిస్ రూజ్వెల్ట్ ఒక చిన్న ఆకుపచ్చని గార్టర్ పామును పెంచింది. దానికి ఎమిలీ స్పినాచ్ అని పేరు పెట్టి, చేతిసంచిలో ఉంచుకొని విందులకు తీసుకొనివెళ్ళేది. పాలకూరను ఆంగ్లంలో స్పినాచ్ అంటారు. పాము రంగును బట్టి ఆ పేరు, బంధువు ఒకరి పేరును బట్టి ఎమిలీ అన్న పేరు వచ్చాయి.

భారతదేశంలో పాములవాళ్ళు బుట్టలలో త్రాచుపాములను పెట్టుకొని ఊరూరా తిరిగి ఆడించడం శతాబ్దాలుగా ఉండేది. అయితే అది జీవనోపాధి. సరదా కోసం పెంచుకొన్న జంతువును షికారుకు తీసుకొనివెళ్ళడం కాదు. దీని గురించి భారతదేశానికి సంబంధించిన విభాగంలో చూడవచ్చును.

బయటకు తీసుకొనివెళ్ళే ముఖ్య జాతులు

* గడ్డపు తొండ (బియర్డెడ్ డ్రాగన్): దీని పుట్టిల్లు ఆస్ట్రేలియాలోని ఎడారి ప్రాంతం. నెమ్మదైన స్వభావం కలది. మనుషుల స్పర్శను ఓర్చుకొంటుంది. భుజం మీద కూర్చోబెట్టుకొని తిరిగేవారు ఎక్కువగా దీనినే ఎంచుకొంటారు.
* ఆకుపచ్చ ఇగ్వానా: మధ్య, దక్షిణ అమెరికాలకు చెందిన పెద్ద తొండ జాతి. తోకతో కలిపి ఒకటిన్నర మీటర్లు, అంతకు మించి కూడా పెరుగుతుంది. బెదిరినపుడు తోకతో కొరడా వలె కొట్టగలదు.
* బాల్ పైథాన్: పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన చిన్న కొండచిలువ. విషం లేదు. భయపడినపుడు తల లోపలికి దాచుకొని బంతి వలె చుట్టుకొంటుంది. దాని పేరుకు కారణం ఇదే.
* చిరుత బల్లి (లెపర్డ్ గెకో): ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతదేశం మొదలైన ప్రాంతాలకు చెందినది. గట్టిగా పట్టుకొంటే తోక ఊడిపోతుంది. తిరిగి మొలిచే తోక మునుపటి ఆకారంలో ఉండదు.
* నేల తాబేళ్ళు: పచ్చిక మీద నడిపించడానికి, ఎండ తగిలించడానికి వీటిని బయటకు తెస్తారు.

ఊసరవెల్లి జాతులు మనుషుల స్పర్శకే తీవ్రంగా కలత చెందుతాయి. వాటిని బయట తిప్పడం తగదని పెంపకందారులు సాధారణంగా అంగీకరిస్తారు.

జంతువు శరీరధర్మం

క్షీరదాలు, పక్షులు తమ దేహంలో తామే వేడిని పుట్టించుకొంటాయి. సరీసృపాలు అట్లు కాక పరిసరాల నుండి వేడిని గ్రహిస్తాయి. ఎండలోకి వచ్చి వెచ్చబడడం, నీడలోకి పోయి చల్లబడడం వాటి జీవన విధానం. గడ్డపు తొండ ఉండే పెట్టెలో ఒక వైపు సుమారు 38 నుండి 42 డిగ్రీల సెల్సియస్ వేడి, మరొక వైపు 25 డిగ్రీల ప్రాంతంలో చల్లదనం ఉండేటట్లు అమరుస్తారు. ఈ రెంటి మధ్య జరుగుతూ అది తన దేహపు వేడిని సరిచేసుకొంటుంది. భుజం మీదనో సంచిలోనో ఉన్నపుడు దానికి ఈ ఎంపిక ఉండదు. ఎండ ఎక్కువైనా గాలి చల్లబడినా అది పోగలిగిన చోటు లేదు.

చలి వలన ఆహారం సరిగా జీర్ణం కాదు, రోగనిరోధక శక్తి తగ్గుతుంది, ఊపిరితిత్తుల వ్యాధులు రావచ్చును. వేడి వలన కలిగే ప్రమాదం ఇంకా త్వరగా సంభవిస్తుంది. నిలిపి ఉంచిన కారు దీనికి మంచి ఉదాహరణ. బయట 22 డిగ్రీలు మాత్రమే ఉన్న రోజున కూడా, తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు లోపలి వేడి గంటలో మరో 22 డిగ్రీల వరకు పెరుగుతుందనీ, అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరుగుతుందనీ 2005లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధన తెలిపింది. గాజు పెట్టెను ఎండలో ఉంచినా ఇదే జరుగుతుంది.

సూర్యరశ్మి వలన లాభం కూడా ఉన్నది. పగటిపూట సంచరించే తొండలకు, తాబేళ్ళకు విటమిన్ డి తయారు కావడానికి అతినీలలోహిత కిరణాలు అవసరం. ఆ విటమిన్ లేనిదే కాల్షియం ఒంటబట్టక ఎముకలు మెత్తబడతాయి. మామూలు కిటికీ అద్దం ఈ కిరణాలలో అవసరమైన భాగాన్ని చాలా వరకు అడ్డుకొంటుంది. కనుక వాతావరణం అనుకూలించినపుడు పెరట్లో నీడ కూడా ఉన్న చోట కొంతసేపు నేరుగా ఎండలో ఉంచడం మంచిదే. అయితే ఈ లాభం ఇంటి పెరట్లోనే దొరుకుతుంది. దాని కోసం రద్దీ అంగడికి తీసుకొనివెళ్ళవలసిన పని లేదు.

సరీసృపాల ముఖంలో భావాలు కనిపించవు గనుక అవి ప్రశాంతంగా ఉన్నాయని చూసేవారు పొరబడుతుంటారు. గడ్డపు తొండ కలత చెందినపుడు గొంతు కింది భాగం నల్లబడి ఉబ్బుతుంది. బాల్ పైథాన్ ముడుచుకొంటుంది లేదా బుస కొడుతుంది. తాబేలు తల లోపలికి లాక్కొంటుంది. కదలకుండా బిగుసుకొని ఉండడం కూడా చాలా సరీసృపాలలో భయానికి గుర్తు. పాము ఆహారం మింగిన తరువాత కనీసం రెండు రోజులు దానిని కదిలించకూడదు. కదిలిస్తే మింగినదానిని కక్కివేసే ప్రమాదం ఉన్నది.

ప్రజారోగ్యం

సరీసృపాల పేగులలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి సాధారణంగా ఉంటుంది. జంతువు పూర్తి ఆరోగ్యంగా కనిపిస్తూనే దానిని మలం ద్వారా విడుస్తుంది. అక్కడి నుండి అది చర్మానికి, పెట్టెకు, యజమాని చేతులకు, బట్టలకు అంటుకొంటుంది. మనిషికి సోకినపుడు సాధారణంగా 6 గంటల నుండి 6 రోజుల లోపల విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి మొదలవుతాయి. ఆరోగ్యవంతులు చాలావరకు కొద్ది రోజులలో కోలుకొంటారు. పసిపిల్లలలో, వృద్ధులలో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఇది రక్తంలోకి చేరి ప్రాణాంతకం కావచ్చును.

చిన్న తాబేళ్ళను పిల్లలు నోట్లో పెట్టుకొని జబ్బు పడడం ఎక్కువైనందున అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1975లో 4 అంగుళాల (సుమారు 10 సెంటీమీటర్లు) కంటే తక్కువ పొడవు చిప్ప కలిగిన తాబేళ్ళను పెంపుడు జంతువులుగా అమ్మడాన్ని నిషేధించింది. ఈ నిషేధం నేటికీ అమలులో ఉన్నది. ఐదేళ్ళ లోపు పిల్లలు, 65 ఏళ్ళు దాటినవారు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు సరీసృపాలను తాకకుండా ఉండాలని ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం సలహా ఇస్తుంది.

బహిరంగ సంచారంలో ఈ ప్రమాదం రెట్టింపు అవుతుంది. ఇంట్లో తొండను ముట్టుకొన్నవారు వెంటనే సబ్బుతో చేతులు కడుగుకోవచ్చును. ఉద్యానవనంలో సరదాగా దాని వీపు నిమిరిన పిల్లవాడు అదే చేత్తో చిరుతిండి తింటాడు. ఆ పిల్లవాని ఇంట్లో పసిబిడ్డ ఉన్నదో లేదో జంతువు యజమానికి తెలియదు. ఈ కారణంగానే భోజనశాలలకు, ఆహారం అమ్మే దుకాణాలకు సరీసృపాలను తీసుకొనిరాకూడదు.

జంతువులకు కూడా ఇతర జంతువుల నుండి జబ్బులు సోకుతాయి. సరీసృపాల సంతలలో, ప్రదర్శనలలో ఒక పాము నుండి మరొక పాముకు రక్తం పీల్చే చిన్న పురుగులు, ఊపిరితిత్తుల వైరస్‌లు పాకుతాయి. అటువంటి చోట్లకు వెళ్ళివచ్చిన జంతువును ఇంట్లోని మిగిలినవాటికి దూరంగా కొన్ని వారాలు విడిగా ఉంచుతారు.

చూసేవారి భయం

పాములంటే అదుపు చేసుకోలేనంత భయం ఉన్నవారు అన్ని సమాజాలలోనూ ఉంటారు. ఈ స్థితిని సర్పభీతి అంటారు. అట్టివారికి పాము విషం లేనిదని చెప్పినంత మాత్రాన గుండెదడ తగ్గదు. బస్సులో, లిఫ్టులో పక్కన ఉన్నవారు తప్పించుకొని పోలేరు. కనుక అక్కడ పామును బయటకు తీయడం ఇతరుల అనుమతి లేకుండా వారిని ఆ స్థితికి లోను చేయడమే అవుతుంది. భయపడినవారు పారిపోతూ పడిపోవచ్చును, పామునే కొట్టవచ్చును.

2020 సెప్టెంబరులో ఇంగ్లండులోని స్విన్టన్ నుండి మాంచెస్టర్ వెళ్ళే బస్సులో ఒక ప్రయాణికుడు ముఖ తొడుగుకు బదులుగా మెడకు, నోటికి బ్రతికి ఉన్న పామును చుట్టుకొని కూర్చున్నాడు. కోవిడ్ నిబంధనల ప్రకారం దానిని ముఖ తొడుగుగా అంగీకరించలేమని రవాణా అధికారులు ప్రకటించవలసి వచ్చింది. ఈ వార్త ప్రపంచమంతా నవ్వుతూ చదివినా, ఆ పాముకు ఆ ప్రయాణం ఎట్లున్నదన్న ప్రశ్న అరుదుగానే వినిపించింది.

తప్పించుకొన్న జంతువులు, పర్యావరణం

బయట తప్పించుకొన్న సరీసృపం మళ్ళీ దొరకడం కష్టం. చల్లని దేశాలలో అది శీతాకాలం దాటక చనిపోతుంది. వెచ్చని ప్రాంతాలలో బ్రతికి, సంతతిని పెంచి, అక్కడి సహజ జీవులకు హాని చేస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. పెంపకం నుండి తప్పించుకొన్న, యజమానులు విడిచిపెట్టిన బర్మా కొండచిలువలు అక్కడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలలో స్థిరపడి కుందేళ్ళు, రకూన్ల వంటి జంతువుల సంఖ్యను బాగా తగ్గించివేశాయి. 2012లో అమెరికా ప్రభుత్వం బర్మా కొండచిలువతో సహా నాలుగు పెద్ద పాము జాతులను హానికర జాతుల జాబితాలో చేర్చింది.

అదే రాష్ట్రంలో ఆకుపచ్చ ఇగ్వానాలు కూడా విపరీతంగా పెరిగాయి. 2020 జనవరిలో చలి పెరిగినపుడు బిగుసుకుపోయిన ఇగ్వానాలు చెట్ల మీద నుండి రాలిపడవచ్చునని మయామీ వాతావరణ కార్యాలయం ప్రజలను హెచ్చరించింది. పరిసరాల ఉష్ణోగ్రత ఈ ప్రాణుల మీద ఎంతటి అధికారం కలిగి ఉన్నదో ఈ సంఘటన తెలుపుతుంది. 2021లో ఆ రాష్ట్రం ఇగ్వానాలను, తేగు అనే పెద్ద తొండలను నిషిద్ధ జాబితాలో చేర్చింది. అప్పటికే పెంచుతున్నవారు అనుమతి తీసుకొని, జంతువు చర్మం కింద గుర్తింపు చిప్ వేయించుకోవలసి వచ్చింది.

వివిధ దేశాల చట్టాలు

సరీసృపాలను బయట తిప్పడం గురించి ప్రత్యేకంగా చట్టం చేసిన దేశాలు తక్కువ. పెంపకం, ప్రజా భద్రత, జంతు సంక్షేమాలకు సంబంధించిన చట్టాలే దీనికి వర్తిస్తాయి.

అమెరికాలో నిబంధనలు రాష్ట్రానికి, నగరానికి మారుతాయి. న్యూయార్క్ నగరంలో ఇగ్వానాను పెంచడమే నిషిద్ధం. హవాయి దీవులలో ఏ పామునైనా పెంపుడు జంతువుగా ఉంచుకోవడం నేరం. దీనికి 2,00,000 డాలర్ల వరకు జరిమానా, 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించవచ్చును. కొన్ని పట్టణాలలో పెంపుడు జంతువుకు తాడు కట్టాలన్న నిబంధన కుక్కలకే పరిమితం కాదు. 2015లో దక్షిణ డకోటా రాష్ట్రంలోని సూ ఫాల్స్ పట్టణపు ఉద్యానవనంలో పాములను తాడు లేకుండా వదిలిన వ్యక్తికి అధికారులు నోటీసు ఇచ్చారు.

వికలాంగులకు తోడ్పడే సేవా జంతువుల విషయంలో అమెరికా చట్టం స్పష్టంగా ఉన్నది. 2011 మార్చి నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం కుక్క మాత్రమే సేవా జంతువు. పొట్టి గుర్రాలకు కొంత వెసులుబాటు కలదు. మానసిక ఊరట కోసం తెచ్చుకొన్న సరీసృపాన్ని దుకాణంలోకి అనుమతించవలసిన బాధ్యత యజమాన్యానికి లేదు. విమానాల విషయంలో 2021 జనవరి నుండి అమలైన నిబంధనలు కూడా కుక్కనే సేవా జంతువుగా గుర్తిస్తాయి. 2023 సెప్టెంబరులో పెన్సిల్వేనియాకు చెందిన ఒక వ్యక్తి తన మానసిక ఊరట కోసం పెంచుకొంటున్న వాలీ అనే మొసలి జాతి జంతువును (ఆలిగేటర్) తాడు కట్టి ఫిలడెల్ఫియాలోని బేస్‌బాల్ మైదానానికి తీసుకొనిరాగా లోపలికి అనుమతించలేదు.

బ్రిటన్‌లో విషసర్పాలు, మొసళ్ళు మొదలైనవాటిని పెంచడానికి 1976 నాటి ప్రమాదకర వన్యజంతువుల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. జంతువు అవసరాలను తీర్చవలసిన బాధ్యతను 2006 నాటి జంతు సంక్షేమ చట్టం యజమానిపై ఉంచింది. ఆస్ట్రేలియాలో విదేశీ సరీసృపాలను పెంపుడు జంతువులుగా ఉంచుకోవడం నిషిద్ధం. స్థానిక జాతుల పెంపకాన్ని అక్కడి రాష్ట్రాలు లైసెన్సుల ద్వారా నియంత్రిస్తాయి. న్యూజీలాండ్‌లో పాములను ఎవరూ పెంచరాదు.

భారతదేశంలో

భారతదేశపు సహజ సరీసృపాలను ఇంట్లో పెంచుకోవడానికి సాధారణ పౌరులకు అవకాశం లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద త్రాచుపాము, కొండచిలువ, ఉడుము, నక్షత్ర తాబేలు మొదలైనవి రక్షిత జాతులు. కనుక వీటిని వీధిలోకి తీసుకొనిరావచ్చునా అన్న ప్రశ్నే ఉదయించదు. పట్టి ఉంచడమే నేరం. ఉడుము, కొండచిలువ ఈ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మొదటి షెడ్యూలు జంతువులకు సంబంధించిన నేరాలకు 3 నుండి 7 సంవత్సరాల జైలుశిక్ష, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి.

నక్షత్ర తాబేలు రాయలసీమ వంటి మెట్ట ప్రాంతాల పొదలలో సహజంగా నివసిస్తుంది. ఇంట్లో తాబేలు ఉంటే కలిసివస్తుందన్న నమ్మకం వలన, విదేశాలలో గల గిరాకీ వలన దీనిని పెద్దయెత్తున దొంగతనంగా పట్టి అమ్ముతున్నారు. 2015లో వెలువడిన ఒక పరిశోధన, దేశంలోని ఒక్క వ్యాపార కేంద్రం ద్వారానే ఏటా కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు తరలిపోతున్నాయని అంచనా వేసింది. 2019లో అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందమైన సైటిస్ దీనిని అత్యధిక రక్షణ గల మొదటి అనుబంధంలో చేర్చింది.

పాములవాళ్ళ ఆట కూడా ఈ చట్టం వలననే నిషిద్ధమైనది. నాగుల చవితి, నాగపంచమి రోజులలో పాములకు పాలు పట్టించే ఆచారం ఉండేది. పాలు పాముల ఆహారం కాదు. పండుగకు ముందు చాలా రోజులు నీళ్ళు ఇవ్వకుండా ఉంచిన పాము దాహంతో పాలు తాగి, అవి ఒంటికి పడక జబ్బు పడుతుంది. కోరలు పీకడం, నోరు కుట్టడం వలన పాములు నోటిపుండ్లతో చనిపోయేవి. నాగస్వరం ఊదినపుడు పాము పడగ ఆడించడం సంగీతానికి పరవశించి కాదు. ఎదురుగా కదిలే వస్తువును అది ప్రమాదంగా భావించి గమనిస్తుంది. పాములు పట్టే నైపుణ్యం వృథా పోకుండా 1978లో తమిళనాడులో రోములస్ విటేకర్ తోడ్పాటుతో ఇరుళ తెగవారి సహకార సంఘం ఏర్పడినది. ఈ సంఘం పాముల నుండి విషం తీసి, విరుగుడు మందు తయారీకి అందజేసి, పాములను తిరిగి అడవిలో వదులుతుంది.

విదేశీ సరీసృపాల విషయం వేరు. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఇట్టి జంతువులు ఉన్నవారు స్వచ్ఛందంగా వెల్లడించే అవకాశం కల్పించింది. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, సైటిస్ జాబితాలలోని జాతులకు నాలుగవ షెడ్యూలును కేటాయించారు. ఈ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం ఇగ్వానా, బాల్ పైథాన్ వంటి ఆ జాబితాలోని జంతువులు ఉన్నవారు పరివేష్ పోర్టల్ ద్వారా నమోదు చేసుకోవాలి. విదేశాలలో నివసించే తెలుగు కుటుంబాలు అక్కడ పిల్లల కోసం కొన్న తొండను, తాబేలును స్వదేశానికి వచ్చేటపుడు సామానుతో పాటు తెచ్చుకోరాదు. దిగుమతి అనుమతులు ముందుగా పొందవలసి ఉంటుంది.

నమోదు చేసిన జంతువైనా దానివలన ఇతరులకు ప్రమాదం కలగకుండా చూడవలసిన బాధ్యత యజమానిదే. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన అధీనంలోని జంతువు విషయంలో మనుషుల ప్రాణానికి ముప్పు కలిగేటట్లు అజాగ్రత్తగా ఉండడం శిక్షార్హం.

పాటించవలసిన జాగ్రత్తలు

వైద్యుని వద్దకు తీసుకొనివెళ్ళడం, ఇల్లు మారడం వంటి సందర్భాలలో సరీసృపాన్ని బయటకు తీయక తప్పదు. అప్పుడు పాటించవలసినవి:

* పామును గాలి ఆడే గుడ్డ సంచిలో ఉంచి, మూతి కట్టి, ఆ సంచిని గట్టి పెట్టెలో పెట్టాలి. తొండలకు, తాబేళ్ళకు గాలి రంధ్రాలు ఉన్న పెట్టె చాలును.
* పెట్టెను ఎండలోను, మూసిన కారులోను విడిచివెళ్ళరాదు. చలికాలంలో గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక వైపు ఉంచవచ్చును.
* తొండకు కట్టే పట్టీ ఛాతీ చుట్టూ, ముందు కాళ్ళ వెనుకగా రావాలి. మెడకు గాని నడుముకు గాని తాడు బిగించరాదు. తోక పట్టి లాగరాదు.
* పురుగు మందు చల్లిన పచ్చిక మీద తాబేళ్ళను మేపరాదు. కుక్కలు, కాకులు, గ్రద్దలు ఉన్న చోట చిన్న జంతువులను నేల మీద వదలరాదు.
* బస్సు, రైలు, దుకాణం, పాఠశాల వంటి చోట్ల ముందుగా అనుమతి అడగాలి. జంతువును అందరి ఎదుట బయటకు తీయరాదు.
* ఎవరైనా తాకదలచితే వారి వయస్సు, ఆరోగ్యం అడిగి, తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనే వీలు ఉన్నపుడే అంగీకరించాలి. సబ్బు, నీరు లేని చోట తాకనివ్వకపోవడమే మేలు.
* జంతువు నల్లబడినా, నోరు తెరిచి రొప్పినా, బిగుసుకుపోయినా వెంటనే పెట్టెలో ఉంచి ఇంటికి చేర్చాలి.
* పెంచలేని జంతువును చెరువులో, తోటలో వదలరాదు. జంతు సంరక్షణ సంస్థకు గాని, అటవీ శాఖకు గాని అప్పగించాలి.

పాఠశాలలలో విద్యార్థులకు సరీసృపాలను చూపించడం వలన పాములను కనిపించిన వెంటనే చంపే అలవాటు తగ్గుతుందని కొందరు వాదిస్తారు. ఇందులో కొంత నిజం ఉన్నది. అయితే ఆ ప్రయోజనం జంతువును చేతులు మార్చి తిప్పడం వలన కాక, దాని సహజ జీవనాన్ని వివరించడం వలన సిద్ధిస్తుంది. జంతు ప్రదర్శనశాలలలో అద్దం వెనుక ఉన్న పామును చూపుతూ అది ఎలుకలను తిని పంటకు చేసే మేలును చెప్పవచ్చును. అటువంటి పాఠంలో జంతువుకు బాధ లేదు, పిల్లలకు ముప్పు లేదు.